పరాయి దేశం, తొలి చూపు

కొత్తగా కాపరానికి వెళ్ళిన ఆడపిల్ల పుట్టింటికి రాసే మొదటి ఉత్తరం ఎప్పుడైనా చదివారా? నీళ్ళు ఉప్పగా ఉన్నాయనీ, పులుసులో బెల్లం దండిగా వేస్తారనీ, పక్కింటివాళ్ళ మాట సగం అర్థం కావడం లేదనీ రాస్తుంది. రాసేది ఊరి గురించే. చదివే తల్లికి మాత్రం ఊరు కనపడదు, పిల్ల కనిపిస్తుంది. దిగులుగా ఉందా, కుదురుగా ఉందా, అక్కడివాళ్ళని మనుషులుగా చూస్తోందా, మూతి ముడుచుకుని కూర్చుందా అన్నీ ఆ నాలుగు ముక్కల్లోనే తెలిసిపోతాయి.

దేశాలు తిరిగినవాళ్ళ రాతలూ అంతే. నాకు యాత్రాచరిత్రలు చదవడం సరదా. కానీ పాతకాలపు యాత్రికులు నూటికి తొంభైతొమ్మిదిమంది మగవాళ్ళు. వాళ్ళ పుస్తకాల నిండా కోటగోడలు, ఫిరంగులు, సుంకాలు, రాజుగారి గుర్రపుశాలలూను. వంటిల్లు కనపడదు. పురిటిగది అసలే కనపడదు. ఎక్కడైనా ఆడవాళ్ళ మాట వచ్చిందంటే అది ఎవరో చెప్పగా విన్నదో, లేక తమకు తోచింది అల్లిందో అయి ఉంటుంది. గడప దాటి లోపలికి రానివ్వని ఇంటి గురించి వాళ్ళు మాత్రం ఏం రాస్తారు పాపం!

అందుకే 1717లో టర్కీ దేశంలో అడుగుపెట్టిన ఒక ఇంగ్లీషు ఆవిడ ఉత్తరాలంటే నాకంత ఇష్టం. ఆవిడ పేరు లేడీ మేరీ వర్ట్‌లీ మాంటెగ్యూ. చూసిన మొదటి కొద్ది వారాల్లోనే ఆవిడ రెండు సంగతులు పట్టుకుంది. ఒకటి నవ్వు తెప్పిస్తుంది. రెండోది లక్షల ప్రాణాలకు సంబంధించింది.

మేరీ 1689లో పుట్టింది. తండ్రి గొప్ప జమీందారు, తర్వాత డ్యూక్ అయ్యాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. ఆ రోజుల్లో ఆడపిల్లకి లాటిన్ ఎందుకనేవారు. ఈ పిల్ల తండ్రిగారి లైబ్రరీలో తలుపేసుకుని తనంతట తనే లాటిన్ నేర్చుకుంది. పెళ్ళీడు వచ్చాక తండ్రి ఒక సంబంధం ఖాయం చేశాడు. ఆమెకది నచ్చలేదు. 1712లో ఎడ్వర్డ్ వర్ట్‌లీ మాంటెగ్యూతో లేచిపోయి పెళ్ళి చేసుకుంది. అంత తెగించి చేసుకున్నది కాబట్టి అన్యోన్య దాంపత్యమనుకునేరు! ఆయన ముభావి, లెక్కల మనిషి. ఆవిడ మాటకారి. అలా సాగింది కాపరం.

పెళ్ళయిన మరుసటేడు, 1713లో, ఒక్కగానొక్క తమ్ముడు మశూచితో పోయాడు. ఇరవై ఏళ్ళవాడు. రెండేళ్ళు తిరిగేసరికి, 1715 డిసెంబరులో, మశూచి ఆవిణ్ణే పట్టుకుంది. బతికింది కానీ లండన్ కొలువులో అందగత్తె అని పేరుపడ్డ మొహం నిండా మచ్చలు మిగిలాయి. కనురెప్పల వెంట్రుకలన్నీ రాలిపోయాయి, మళ్ళీ రాలేదు. అద్దంలోకి చూసుకోవడమంటే ఏమిటో మళ్ళీ కొత్తగా నేర్చుకోవలసివచ్చిన మనిషి అన్నమాట. తర్వాత జరిగినదంతా అర్థం కావాలంటే ఈ సంగతి మనం గుర్తుంచుకోవాలి.

1716లో భర్తకి టర్కీ సుల్తాను దగ్గర రాయబారి ఉద్యోగం వచ్చింది. మూడేళ్ళ పిల్లవాణ్ణి వెంటపెట్టుకుని మేరీ కూడా బయలుదేరింది. లండన్ నుంచి హాలండు, జర్మనీ, వియన్నా. అక్కణ్ణించి నడిచలికాలంలో, బళ్ళకి చక్రాలు తీసి మంచుమీద జారే పలకలు తగిలించుకుని, హంగరీ మైదానాల మీదుగా. టర్కీ సరిహద్దు దగ్గర పడుతుండగా వాళ్ళ బండి ఒక యుద్ధభూమిలోంచి వెళ్ళింది. అంతకు ఆరునెలల ముందు ఆస్ట్రియావాళ్ళకీ టర్కీవాళ్ళకీ అక్కడ ఘోరయుద్ధం జరిగింది. మనుషుల పుర్రెలు, గుర్రాల కళేబరాలు, ఒంటెల కళేబరాలు ఇంకా అలాగే పడి ఉన్నాయి. మేరీకి కొత్త దేశం పలికిన మొదటి స్వాగతం అది. ఆవిడ అది చూసి టర్కీవాళ్ళని తిట్టలేదు, ఆస్ట్రియావాళ్ళని పొగడలేదు. ఇంత చిన్న భూమిముక్క కోసం మనుషులు ఇలా చంపుకుంటారేమిటి, మనిషికి బుద్ధి ఉందని ఎవరన్నారు అని బాధపడింది.

బెల్‌గ్రేడ్‌లో మూడువారాలు ఆగవలసివచ్చింది. అక్కడ ఆతిథ్యమిచ్చిన అహ్మద్ బే అనే పండితుడు సాయంత్రాలు అరబ్బీ కవిత్వం చదివి అర్థం చెప్పేవాడు. మతం వద్దన్న ద్రాక్షసారా పుచ్చుకుంటూ, ఆ నిషేధం సామాన్యుల కోసమే కానీ నాలాంటివాళ్ళకి కాదులెండి అన్నాడట! ఇలాంటి పెద్దమనుషులు అన్ని దేశాల్లోనూ ఉంటారు.

బెల్‌గ్రేడ్ దాటాక ఐదువందలమంది జానిసరీ సిపాయిలు కాపలాగా వచ్చారు. దారిలో ఏ పల్లె వస్తే ఆ పల్లెలో రైతుల కోళ్ళు, గొర్రెలు వాళ్ళవే. రైతు నోరెత్తితే దెబ్బలు. పాషాలు ప్రయాణం చేసేటప్పుడైతే ఇంకా ఘోరం. ఊరివాళ్ళ తిండంతా తిని, ఆ తిండి నమిలినందుకు తమ పళ్ళు అరిగిపోయాయి కాబట్టి ‘పంటి సుంకం’ కూడా వసూలు చేస్తారట! ఇది చూసి, విని మేరీ ఏడ్చింది. కొత్త దేశాన్ని మెచ్చుకోవడానికే కళ్ళు తెరుచుకుని వచ్చిన మనిషి కాదు ఆవిడ అని చెప్పడానికే ఇది రాస్తున్నాను. కళ్ళ ఎదుట ఉన్నది చూసింది, అంతే.

తర్వాత సోఫియా పట్టణం. ఇవాళ బల్గేరియా రాజధాని. వేడినీటి ఊటలకి పేరుపడ్డ ఊరు. అక్కడ ఆడవాళ్ళ స్నానశాల చూడాలని మేరీకి ముచ్చట పుట్టింది. ఉదయం పదిగంటలకి వెళ్ళింది. రాతికట్టడం, పైన గుమ్మటాలు, గుమ్మటంలోంచి వెలుతురు, పాలరాతి అరుగులు, అరుగుల మీద తివాచీలూ దిండ్లూను. లోపల గంధకపు ఆవిరి. ఆ ఆవిరిలో సుమారు రెండువందలమంది ఆడవాళ్ళు! కొందరు కబుర్లు చెప్పుకుంటున్నారు, కొందరు కుట్టుపని చేసుకుంటున్నారు, కొందరు కాఫీయో షర్బత్తో తాగుతున్నారు, కొందరు పడుచుపిల్లల చేత జడలల్లించుకుంటున్నారు. ఒంటిమీద నూలుపోగు లేదు ఎవరికీ. స్నానానికి వచ్చినవాళ్ళు కదా మరి.

మధ్యలో మన ఇంగ్లీషు దొరసాని మెడదాకా గుండీలు పెట్టిన గుర్రపుస్వారీ దుస్తుల్లో నిలబడింది. ఊహించుకోండి ఆ దృశ్యం. పేరంటానికి ఎవరో పిలవని కొత్త మనిషి, అందులోనూ వేషమే వింతగా ఉన్న మనిషి వస్తే మనవాళ్ళు ఏం చేస్తారు? మోచేత్తో పొడుచుకుంటారు. చెవుల్లో గుసగుసలాడుకుంటారు. అక్కడ ఒక్కరూ అలా చెయ్యలేదట. లేచి ఎదురొచ్చి ఆదరించారు. యూరప్‌లో ఏ రాజదర్బారులోనైనా ఇలాంటి వింతవేషంతో ఒక పరదేశి ఆడది అడుగుపెడితే ఇంత మర్యాద జరగదని మేరీ ఖచ్చితంగా చెప్పింది.

వాళ్ళలో పెద్దింటావిడ ఒకామె పక్కన కూచోబెట్టుకుని, నువ్వూ బట్టలు విప్పేసి హాయిగా కూర్చోవమ్మా అని బతిమాలింది. అందరూ పట్టుపట్టారు. తప్పించుకోలేక మేరీ పై చొక్కా కాస్త తెరిచి లోపలున్నది చూపించింది. లోపలున్నది ఆ కాలపు ఇంగ్లీషు స్త్రీలు నడుం సన్నంగా కనపడ్డానికి బిగించుకునే రవికె. తిమింగలం నోట్లోంచి తీసిన గట్టి పుల్లలు పెట్టి కుట్టి, వెనకాల తాళ్ళతో లాగి కట్టేవారు. అది చూడగానే టర్కీ ఆడవాళ్ళు ఇంకేమీ అడగలేదు. పాపం, ఈవిడ మొగుడు ఈవిణ్ణి ఇందులో పెట్టి తాళం వేశాడు, విప్పుకోవడం ఈవిడ చేతిలో లేదు అనుకుని జాలిపడ్డారు.

ఇది చదివి నవ్వుకున్నాను కానీ, నవ్వాక కాసేపు ఆలోచించాను. టర్కీ ఆడవాళ్ళు చెరలో మగ్గుతున్నారని జాలిపడుతూ పుస్తకాలు రాసిన దేశం నుంచి వచ్చింది మేరీ. ఇక్కడికి వచ్చేసరికి చెరలో ఉన్నది తనేనని వాళ్ళు జాలిపడుతున్నారు! ఎవరి పంజరం వాళ్ళకి కనపడదు.

ఆ స్నానశాలని మేరీ ‘ఆడవాళ్ళ కాఫీ హోటలు’ అనదగ్గ చోటుగా వర్ణించింది. వారానికొకసారి వచ్చి నాలుగైదు గంటలు గడుపుతారు. ఊళ్ళో కబుర్లన్నీ అక్కడే. మనకి బావిగట్టూ, చెరువు రేవూ ఎలాగో వాళ్ళకది అలాగ.

దీనికి ఇంకో తమాషా ముగింపు ఉంది. నూటనలభై ఏళ్ళు గడిచాక ఆంగ్ర్ అనే ఫ్రెంచి చిత్రకారుడు మేరీ ఉత్తరంలోని వర్ణనని తన నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకుని, దాని ఆధారంగా ‘టర్కిష్ స్నానం’ అనే బొమ్మ పూర్తిచేశాడు. 1862లో. అప్పటికాయనకి ఎనభై దాటాయి. తూర్పుదేశాల మొహం ఎప్పుడూ చూడలేదు. ఆ గదిలో ఒక్క వెకిలి నవ్వు గానీ, సిగ్గుమాలిన చేష్ట గానీ లేదని మేరీ పనిగట్టుకుని రాసింది. ఆయన బొమ్మలో మాత్రం ఆడవాళ్ళందరూ మత్తుగా ఒకరిమీద ఒకరు వాలిపోయి ఉంటారు. చూసినావిడ రాసింది ఒకటి, చూడని ఆయన గీసింది ఇంకొకటి.

అలాగని మేరీ చెప్పిందంతా వేదవాక్కు అనుకోనక్కర్లేదు. ఆవిడ ఏడ్రియానోపుల్ నగరంలో అడుగుపెట్టిందేగాని ముసుగు వేసుకున్న స్త్రీకే నిజమైన స్వేచ్ఛ ఉంది, వీధిలో ఎవరో ఎవరికీ తెలియదు కదా అని తేల్చేసింది. భార్య ఆస్తి భార్య చేతిలోనే ఉంటుందని మెచ్చుకుంది. ఈ రెండోది నిజంగా మెచ్చుకోవలసిన సంగతే. ఇంగ్లండులో పెళ్ళైన స్త్రీకి సొంత ఆస్తిమీద హక్కు దక్కడానికి పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా ఆగవలసివచ్చింది. కానీ మేరీ భోంచేసింది మంత్రుల ఇళ్ళల్లో. మాట్లాడింది పట్టుచీనాంబరాలు కట్టినవాళ్ళతో. ఆ ఇళ్ళల్లో జడలల్లిన బానిసపిల్లల కష్టం ఆవిడ కంటికి పెద్దగా ఆనలేదు. మన నౌకర్లకన్నా ఏమంత తీసిపోయారు అని తేలిగ్గా అనేసింది. పైగా ఇప్పుడు మనం చదివే ఉత్తరాలు అప్పటికప్పుడు రాసి పోస్టు చేసినవి కావు. దగ్గరున్న డైరీ, ఉత్తరాల నకళ్ళు పెట్టుకుని ఆవిడే తర్వాత తీరుబడిగా సవరించి రాసుకున్న ప్రతి అది. అంటే తొలి చూపుకి మలి మెరుగులు దిద్దారన్నమాట. ఆవిడ 1762లో పోయాక, మరుసటేడు కానీ అది అచ్చు కాలేదు.

ఇక రెండో సంగతి. స్నానశాల ఉత్తరానికి ఏ తారీకు వేసిందో అదే తారీకు, 1717 ఏప్రిల్ 1, వేసి శారా చిజ్వెల్ అనే చిన్ననాటి స్నేహితురాలికి ఇంకో ఉత్తరం రాసింది. మా దేశంలో ప్రాణాలు తీసే మశూచి ఇక్కడ ఆటలా అయిపోయింది అంటుంది అందులో.

ఎండలు తగ్గి సెప్టెంబరు వచ్చిందంటే ఇళ్ళవాళ్ళు ఒకరికొకరు కబురు పెట్టుకుంటారట, మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఏడు మశూచి పోయించాలా అని. పదిహేను పదహారుమంది పిల్లలు ఒకచోట చేరతారు. ఒక ముసలమ్మ వస్తుంది. ఆమె చేతిలో ఒక ఎండుకాయ డొప్ప, దాని నిండా మశూచి పొక్కుల రసి. తేలికగా పోసిన మనిషి దగ్గర సేకరించింది. పెద్ద సూదితో చర్మం గీరి, సూదిమొన మీద నిలిచినంత రసి అందులో పెట్టి, పైన చిన్న చిప్ప మూతపెట్టి కట్టు కడుతుంది. పిల్లలు వారంరోజులు ఆడుకుంటారు. తర్వాత రెండుమూడు రోజులు జ్వరం, మంచం. మొహం మీద ఇరవైముప్ఫై పొక్కులకి మించవు, మచ్చలు పడవు. ఇంకో వారానికి లేచి తిరుగుతారు. మళ్ళీ జన్మలో మశూచి రాదు.

కనురెప్పల వెంట్రుకలు లేని ఆ కళ్ళతో ఇది చూసిందని గుర్తు తెచ్చుకోండి. ఆ ఉత్తరంలోనే, నేను తిరిగొచ్చాక దీన్ని మన దేశంలో ప్రవేశపెట్టడానికి పాటుపడతాను, కానీ తమ రాబడి పోయినా లోకానికి మేలు జరగాలనుకునే డాక్టర్లు మనకున్నారా అని ఎత్తిపొడిచింది.

మరి డాక్టర్లకి ఈ సంగతి తెలియదా? తెలుసు! కాన్‌స్టాంటినోపుల్‌లోని టిమోనీ అనే వైద్యుడు రాసిన వివరం 1714లోనే లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. 1716లో పిలారినీ అనే ఇంకో వైద్యుడిదీ వచ్చింది. పెద్దలందరూ చదివారు, ఆశ్చర్యపోయారు, బీరువాలో పెట్టారు. ఎవరి బిడ్డకీ చేయించలేదు.

మేరీ చేయించింది. 1718 మార్చిలో భర్త ఊళ్ళో లేడు. ఐదో ఏడు నడుస్తున్న కొడుకుకి చేయించడానికి ఒక గ్రీకు ముసలమ్మని పిలిపించింది. పక్కన రాయబారి కార్యాలయపు సర్జన్ చార్లెస్ మెయిట్లండ్‌ని నిలబెట్టింది. ముసలమ్మ చెయ్యి వణికింది. మొద్దుబారిన, తుప్పుపట్టిన సూది. పిల్లవాడు ఏడ్చాడు. అది చూడలేక రెండో చేతికి మెయిట్లండ్ తన కత్తితో తనే చేశాడు. ఐదు రోజులు పోయాక మేరీ భర్తకి ఉత్తరం రాసింది. పిల్లవాడికి ఫలానా రోజున చేయించాననీ, ఇప్పుడు పాడుతూ ఆడుకుంటూ అన్నం ఎప్పుడు పెడతారని తొందరపెడుతున్నాడనీ. అప్పటికి రెండునెలల కూతురు కూడా ఉంది. ఆ పిల్లకి మాత్రం చేయించలేదు. ఎందుకంటే పాలిచ్చే దాదికి మశూచి ఎప్పుడూ రాలేదు, పిల్ల నుంచి ఆమెకి అంటుకుంటుందని. తన బిడ్డ మేలు కోసం దాదిని బలిపెట్టలేదు చూశారా, ఆ ఒక్కమాటకి నేను ఆవిడకి నమస్కారం పెట్టుకున్నాను.

లండన్ తిరిగొచ్చాక 1721లో మశూచి ఊరంతా చెలరేగింది. ఇప్పుడు కూతురికి చేయించాలి. మెయిట్లండ్ భయపడ్డాడు. టర్కీలో చేసినది వేరు, లండన్‌లో పెద్ద డాక్టర్ల కళ్ళముందు చెయ్యడం వేరు. సాక్షులుంటేగాని చెయ్యనన్నాడు. సాక్షుల ఎదుటే ఆ ఏప్రిల్‌లో చేశాడు. పిల్ల నిక్షేపంగా లేచింది. యువరాజు భార్య కరొలైన్‌కి ఆసక్తి కలిగింది. ఆగస్టులో న్యూగేట్ జైల్లో ఉరిశిక్ష పడ్డ ఆరుగురికి, బతికితే విడుదల అని ఆశపెట్టి చేసి చూశారు. ముగ్గురు మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు. ఆరుగురూ బతికి బయటపడ్డారు. ఖైదీల శరీరాల మీద అలా పరీక్షించడం మన కాలానికి మింగుడుపడని సంగతే. 1722 ఏప్రిల్‌లో కరొలైన్ తన ఇద్దరు కూతుళ్ళకి చేయించింది.

ఇక చూడాలి గొడవ! చర్చి వేదికల మీంచి తిట్టారు. దేవుడిచ్చే రోగానికి అడ్డుపడడమేమిటన్నారు. అజ్ఞానులైన ఆడవాళ్ళు పరదేశంలో చేసుకునే పనిని మనం అనుకరించాలా అన్నారు డాక్టర్లు. పూర్తిగా కొట్టెయ్యడానికీ లేదు. అందులో ప్రమాదం ఉన్న మాట నిజమే. చేయించుకున్న యాభైమందిలో ఒకరు పోయేవారు. ఆ ఏడాదే ఒక ప్రభువు కొడుకు అలా పోయాడు. కానీ మశూచి దానంతటది వస్తే ఆరుగురిలో ఒకరు పోయేవారు. తల్లి చెయ్యవలసిన లెక్క ఇది. కాగితం మీద తేలికే. ఒళ్ళో బిడ్డని కూచోబెట్టుకుని చెయ్యమనండి.

ఇంగ్లీషు డాక్టర్లు ఈ పద్ధతి ఒప్పుకున్నాక కూడా తమ పాండిత్యం అందులో కలపకుండా ఉండలేకపోయారు. ముందు రక్తం తీసెయ్యడం, విరేచనాలు, ఉపవాసాలు, లోతుగా కోతలు. టర్కీ ముసలమ్మ గీరిన గీతతో పోయేదాన్ని ఇంత చేశారు. మేరీకి ఒళ్ళు మండి 1722లో ‘టర్కీ వర్తకుడు’ అనే మారుపేరుతో పత్రికకి ఉత్తరం రాసింది. ఆడపేరుతో రాస్తే ఎవరు చదువుతారు మరి!

ఈ విద్య టర్కీ సొత్తే కాదు. అదే 1721లో అమెరికాలోని బోస్టన్‌లో మశూచి వచ్చినప్పుడు, ఆఫ్రికాలో తనకిలాగే చేశారని ఒనెసిమస్ అనే బానిస చెప్పిన మాట ఆధారంగానే అక్కడ మొదలుపెట్టారు. మన దేశంలో బెంగాల్లో ఈ పని చేసే వృత్తివాళ్ళు ఉండేవారని హాల్వెల్ అనే ఆయన 1767లో లండన్ వైద్యులకి వివరంగా రాశాడు. వాళ్ళు దాన్ని ‘టీకా’ అనేవారు. ఆ మాటే ఇప్పుడు మన నోళ్ళలో ఉన్నది. మనవాళ్ళూ ఒక పక్క పోలేరమ్మకీ పోచమ్మకీ మొక్కుకుంటూ, వేపాకులు పరుస్తూ, అమ్మవారు పోసిందనే చెప్పుకునేవారు. భయం అన్ని దేశాల్లోనూ ఒకటే. దాన్ని ఎదుర్కొనే ఉపాయం కూడా చదువురాని చేతుల్లోనే చాలాచోట్ల పుట్టింది.

ఎనిమిదేళ్ళ వయసులో ఇలా పాతపద్ధతిలో చేయించుకుని, ఆ ఉపవాసాలతో నానా అవస్థాపడ్డ ఎడ్వర్డ్ జెన్నర్ పెద్దయి, 1796లో ఆవుపొక్కుల రసితో టీకా కనిపెట్టాడు. అది ప్రాణభయం చాలా తక్కువైన పద్ధతి. మనదేశంలో 1802లో బొంబాయిలో మూడేళ్ళ పాపకి మొదటిసారి వేశారు. 1975తో మనదేశంలో మశూచి ఆఖరు. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. మా అమ్మ తరం వాళ్ళ చేతులమీద రూపాయిబిళ్ళంత గుండ్రటి మచ్చలుంటాయి చూడండి, అవే ఆ టీకా గుర్తులు. నా చేతిమీద ఉన్నది క్షయకి వేసిన బి.సి.జి. మచ్చ. మశూచి టీకా అవసరం నా తరానికి లేకపోయింది.

ఈ కథలో నన్ను బాధపెట్టే పేరు ఒకటుంది. శారా చిజ్వెల్. ఏడ్రియానోపుల్ నుంచి మేరీ ఆ ఉత్తరం ఎవరిని ఉద్దేశించి రాసిందో ఆవిడే. ఆ మాట తనవరకూ వచ్చి కూడా ఆవిడకి అక్కరకు రాలేదు. 1726లో మశూచితోనే పోయింది.

1789లో లిచ్‌ఫీల్డ్ చర్చిలో హెన్రియెట్టా ఇంజ్ అనే ఆవిడ మేరీ పేర ఒక స్మారకం కట్టించింది. తుప్పుసూదితో, వణికే చేత్తో ఇంగ్లీషు పిల్లవాడికి మొదట ఆ గీత గీసిన గ్రీకు ముసలమ్మ పేరు మాత్రం ఎవరూ అడిగి రాసుకోలేదు, మేరీతో సహా. కొత్త దేశంలో ఎంత బాగా చూసిన కళ్ళకైనా ఎదురుగా ఉన్న మనిషి ఒకరు ఇలా మిగిలిపోతూనే ఉంటారు కాబోలు.